నాన్న రాయని దరఖాస్తు

మొన్న ఉదయం రాయపూర్ దేవేంద్ర నగర్‌లో మా అమ్మాయి ఇంట్లో టీ తాగుతూ పేపరు తిరగేస్తుంటే, ఎక్కడో అడవిలో పోలీసు కాల్పుల్లో చనిపోయిన నక్సలైటు నాయకుడి శవం చుట్టూ చేరి ఏడుస్తున్న ఆడవాళ్ల ఫొటో కనబడింది. అంతమందిని చంపించినవాడి కోసం వీళ్లకు ఈ ఏడుపేమిటని మా అల్లుడు విసుక్కున్నాడు. నాకు మాత్రం నలభై ఏళ్ల కిందట మా ఇంట్లో అంట్లు తోమిన బాయి గుర్తుకొచ్చింది. ఇక్కడ పనిమనుషులందరినీ అలాగే పిలుస్తారు.

అప్పట్లో మేం ఈ ఊళ్లోనే రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన నాన్న వారమంతా రైల్వేలో గుమాస్తా, ఆదివారం మాత్రం కాలనీ మొత్తానికీ వకీలు. వరండాలో మడత బల్ల వేసుకుని, కాగితాల మధ్య కార్బన్ పెట్టి, బదిలీకో సెలవుకో పింఛనుకో ఎవరికి కావలసిన దరఖాస్తు వాళ్లకు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిచ్చేవారు. పైసా పుచ్చుకునేవారు కాదు, పొగడ్త మాత్రం కాస్త ఇష్టంగానే పుచ్చుకునేవారు.

బాయిది బస్తర్ అడవుల్లో ఏదో పల్లె. ఇల్లు కప్పుకోవడానికి నాలుగు వాసాలు కొట్టుకొచ్చాడని ఆమె మొగుణ్ణి పట్టుకుని, తిప్పి తిప్పి చివరికి రాయపూర్ జైల్లో పెట్టారట. ములాఖత్ దొరికిన రోజున చూసుకోవచ్చని ఆమె కూడా వచ్చేసి నాలుగిళ్లలో పనికి కుదిరింది. మా ఇంట్లో మాత్రం మరికాస్త మనసుపెట్టి చేసేది, చింతపండో ఇప్పపువ్వో తెచ్చి అమ్మ చేతిలో పెట్టేది. ఎందుకో చాలా రోజులు మాకు అర్థం కాలేదు.

ఒక ఆదివారం ఆమే బయటపెట్టింది. వాళ్ల ఊరికి వచ్చే నక్సలైటు నాయకుణ్ణి అందరూ దాదా అంటారట. ఆ దాదా తన మనుషులతో మాట్లాడే భాషా మేం ఇంట్లో మాట్లాడే భాషా ఒకటేనట, కాబట్టి మేం ఆయన చుట్టాలమేనట. "బాబూజీ, ఆప్ దాదా కే ఆద్మీ హో", మీరు దాదా మనుషులే అంటూ, తన మొగుడి సంగతి ఆయనకు ఒక ఉత్తరం ముక్క రాసి పంపమని నాన్న బల్ల పక్కన నేలమీద కూర్చుంది.

నాన్న ముఖం పాలిపోయింది. తెలుగు మాట వినబడితేనే పోలీసులు అనుమానంగా చూసే రోజులవి. దాదా ఎవరో తెలియదని ఆయన ఒట్టేసి చెబుతున్నకొద్దీ, రహస్యం దాస్తున్నారనుకుని ఆమె మరింత గౌరవంగా తలూపింది. చుట్టరికం సంగతి ఎలా ఉన్నా, అటవీశాఖకో జైలుకో ఒక దరఖాస్తు రాయడం నాన్నకు మంచినీళ్లు తాగినంత తేలిక. "ఏటండీ, జైలోళ్లకి రెండు ముక్కలు రాసిచ్చేస్తే ఏటైపోద్ది?" అని అమ్మ అడిగితే, "ఊరుకోవే, ఉజ్జోగం ఊడిపోద్ది" అని బల్ల మడిచేశారు. కాలేజీ చదువుతున్న నాకూ హిందీ బాగానే వచ్చు, అయినా నేను రాసిస్తానని అనకుండా పుస్తకం పట్టుకుని లోపలికి వెళ్లిపోయాను.

ఆ సాయంత్రం అంట్లు తోముతూ బాయి నాతో చాలా చెప్పింది. ఫారెస్టు గార్డు ఊళ్లోకి వచ్చినప్పుడల్లా అడక్కుండా కోడిని పట్టుకుపోయేవాడనీ, మగవాళ్ల చెంపలు వాయించేవాడనీ, దాదా వచ్చి వెళ్లాక గుమ్మం ముందు ఆగి పిలవడం నేర్చుకున్నాడనీ చెప్పి, చివర్లో సిగ్గుపడుతూ, దాదా తన ఇంటిముందు కూర్చుని జావ తాగాడనీ తన పేరు అడిగాడనీ అంది. పేరు అడగడం కూడా ఒక గొప్పేనా అనుకున్నాను. పై వారం నుంచి ఆమె రాలేదు. మొగుణ్ణి ఇంకో జైలుకు మార్చారనీ, వెనకాలే వెళ్లిపోయిందనీ పక్కింటివాళ్లు చెప్పారు.

ఆ దాదా చేతులకు నెత్తురు అంటలేదని నేననను. వాళ్ల చేతిలో పోయిన గార్డులకూ పెళ్లాం బిడ్డలు ఉండే ఉంటారు. అయినా ఆ ఫొటోలోని ఆడవాళ్లను తప్పుపట్టడానికి నాకు మనసొప్పలేదు. ఇప్పుడు కొత్తగా కట్టిన నయా రాయపూర్‌లో ఎంతెంతో వెడల్పు రోడ్లు, దరఖాస్తులు ఫోనులోనే పెట్టుకోవచ్చునట. నాన్న మడత బల్ల మీద మా అమ్మాయి బట్టలు ఇస్త్రీ చేసుకుంటోంది.

ఇదంతా అల్లుడికి చెప్పాను. శ్రద్ధగా విని, ఇంతకీ ఆవిడ పేరేమిటత్తయ్యా అని అడిగాడు.

నాకు తెలియదు. ఎనిమిది నెలలు మా ఎంగిలి గిన్నెలు తోమిన మనిషిని మేం బాయి అనే పిలిచాం. ఆ రోజు నాన్న దరఖాస్తు రాయడానికి కూర్చుని ఉంటే, మొదటి వరుస నింపడానికైనా ఆమె పేరు అడిగి ఉండేవారు.