హెల్మెట్‌లో ఉన్నది సాయిలు

నేను ఐదో తరగతి దాటలేదు. రాత బాగుండదు, ఒత్తులు పడాల్సిన చోట పడవు. ఏమీ అనుకోకండి. ఏళ్ల నుంచి ఒక మాట గొంతులో చేప ముల్లులా ఇరుక్కుని ఉంది. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకే చెబుతున్నాను.

దోహాలో పిల్లల హాకీ జట్టుకు బస్సు నడుపుతాను. ఒకసారి కోచ్ సార్ నన్ను పిలిచి, గోల్‌కీపర్ కావాలి, మీ దగ్గర ఎవరైనా ఉంటే వీడియో తెప్పించు అన్నాడు. ఎంపికైన పిల్లాడికి ఇక్కడే బడి, తిండి, గది. అప్పట్లో ఎంపిక అంటే ఇంతే. ఫోన్‌లో వీడియో చూడటం, టికెట్ తీయటం.

మా ఊరి సాయిలు గురుకులంలో హాకీ ఆడేవాడు. అడగ్గానే పంపాడు. తలకు హెల్మెట్, కాళ్లకు పరుపుల్లాంటి ప్యాడ్లు. ఒక్క బంతినీ పోనివ్వలేదు. మొహం మాత్రం ఎక్కడా కనిపించలేదు.

అక్కడే నా బుద్ధి గడ్డి తిన్నది. వీడియోలో ఉన్నది మా అక్క కొడుకు నవీన్ అని కోచ్ సార్‌కు చెప్పేశాను. ఎందుకు చెప్పాను? అక్క మీద ప్రేమతోనా, లేక మేనల్లుణ్ణి గల్ఫ్‌కు తీసుకుపోయిన మేనమామ అని ఊళ్లో అనిపించుకోవాలనా? ఇప్పటికీ తేలలేదు.

నవీన్ వచ్చాడు. వాడు జీవితంలో ఆడింది క్యారమ్స్. మొదటి బంతి రాగానే మర్యాదగా పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

“అట్ల జరిగినవేందిరా?” అని బస్సులో అడిగాను.

“తగుల్తది గద మామా.”

కోచ్ సార్ ముందు ఎండ పడలేదన్నాడు. తర్వాత ఇంటి మీద బెంగ అన్నాడు. చివరికి నీళ్ల సీసాలు అందించే పనిలో పెట్టాడు. బడి మాత్రం మాన్పించలేదు, మంచివాడు.

ఆ వారమే సాయిలు ఫోన్ చేశాడు.

“కాకా, నా వీడియో సూసిండ్రా?”

“సూసిండ్రు బిడ్డా. మొహం కనవడలేదని వద్దన్నరు.”

“హెల్మెట్ తీసి ఇంకోటి పంపాల్నా?”

“జాగలు నిండినయ్‌రా.”

“పోనియ్ కాకా. నువ్వైతే గట్టిగనే అడిగుంటవ్.”

తర్వాత క్లబ్బువాళ్లు పద్ధతి మార్చారు. ఇప్పుడు కోచ్ స్వయంగా పోయి మైదానంలో ఆడించి చూస్తాడు. ఆ మీటింగుకు నన్నూ పిలిచి, నీ సలహా ఏమిటన్నారు. “ముందు హెల్మెట్ తీయించి చూడండి సార్” అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఎవరైనా చప్పట్లు కొట్టటం అదే మొదటిసారి.

అప్పటికి సాయిలుకు వయసు దాటిపోయింది. ఇప్పుడు దోహాలోనే టైల్స్ పని చేస్తున్నాడు. శుక్రవారం నా గదికి అన్నానికి వస్తాడు. మొన్న వండుతూ ఉల్లిగడ్డ వాడి వైపు విసిరాను. వాడు ఫోన్ చూసుకుంటూనే ఎడమచేత్తో పట్టుకున్నాడు.

“నవీన్ కీపరని మాకెవ్వరికీ తెల్వదు కాకా” అన్నాడు. “మస్తు దాచుకున్నడు.”

నేను కూరలో ఉప్పు రెండోసారి వేశాను. వాడు బాగుందని తిన్నాడు.

వచ్చే శుక్రవారం చెబుతానేమో. చెప్పనేమో. మీకు రాశాక ముల్లు కాస్త కదిలినట్టుంది, అంతే. ఒత్తులూ దీర్ఘాలూ తప్పిన చోట మన్నించండి. ఇంకో తప్పును మాత్రం మీరు మన్నించకండి. ఆ మన్నింపు సాయిలు చేతిలో ఉంది.