ముంగిస దినాలకు మటన్ లేని దావత్

నా జీవితంలో నేను దావత్ ఇచ్చింది ఒక్కసారే. పిలిచినవాళ్లంతా వచ్చారు, ఒక్కరూ తినలేదు, పోతూ పోతూ తెచ్చిన కానుకను కూడా వెనక్కి పట్టుకుపోయారు. ఇంత ఘనంగా పరువు పోగొట్టుకోవాలంటే మామూలు తెలివితక్కువతనం చాలదు. పుస్తకాలు కూడా చదివి ఉండాలి.

అప్పుడు నేను జిన్నారం దగ్గర ఒక మాత్రల కంపెనీలో, ప్యాకింగ్ సెక్షన్‌లో కొత్తగా చేరాను. బొంతపల్లిలో షమీమ్ ఖాలా ఇంటి పైన గది కిరాయికి తీసుకున్నాను; ఖాలా అంటే పిన్ని. డ్యూటీలో మూతికి మాస్కు, చెవుల నిండా మిషన్ల మోత. గదికొస్తే మాట్లాడటానికి నాలుగు గోడలు. ఇంటికి ఫోన్ చేస్తే "తిన్నవా?", "తిన్న" అనేసరికి సంభాషణ సమాప్తం. ఆ రోజుల్లో నాకు దొరికిన చుట్టాలు 'ఆకుకోట' అనే లావుపాటి ఇంగ్లీషు నవలల్లోని అడవి జంతువులు. కత్తి తిప్పే ఉడుత, కవిత్వం చెప్పే ముళ్లపంది, వాళ్లందరికీ పెద్దదిక్కు ముసలి ముంగిస కెప్టెన్. నవ్వకండి. మీరు సీరియల్లో అత్తాకోడళ్ల కోసం అన్నం మాడబెట్టలేదా? నాకు ముంగిస, అంతే తేడా.

ఆఖరి భాగం కంపెనీ బస్సులో చదువుతుండగా కెప్టెన్ చచ్చిపోయాడు. నేను బోరుమన్నాను. పక్కన కునుకు తీస్తున్న యాదగిరి అన్న ఉలిక్కిపడి లేచాడు. ఆయన మా లైన్‌లో సీనియర్ ఆపరేటరు.

"ఏందిరా తమ్మీ, ఇంట్ల ఎవలన్న పోయిండ్రా?"

"ముంగిస పోయిందన్నా."

"సాదుకున్నవా?"

"లేదన్నా. బుక్కుల."

ఆయన నా నుదుటి మీద చెయ్యిపెట్టి, జ్వరం లేదని తేల్చుకొని, అటు తిరిగి పడుకున్నాడు.

దుఃఖం ఉండటం కష్టం కాదు, చెప్పుకోవడానికి మనిషి లేకపోవడమే కష్టమని నాకు ఆ బస్సులోనే తెలిసింది. ఆకుకోటలో ఎవరైనా పోతే అడవంతా ఒకచోట కూడి, విందు తిని, పోయినవాళ్ల కథలు చెప్పుకుంటుంది. నేనూ అదే చేద్దామనుకున్నాను. కడుపునిండా పెడితే కెప్టెన్ కథ వినక ఎక్కడికి పోతారు? అయితే ముంగిస కోసం రమ్మంటే కుక్క కూడా రాదు కాబట్టి, క్యాంటీన్‌లో మా లైన్ వాళ్లతో, "ఆదివారం పగటికి మా రూంల దావత్" అని మాత్రం అన్నాను.

"ఏం ఖుషీల?" అన్నాడు యాదగిరి అన్న.

"వచ్చినంక చెప్త" అని ముసిముసిగా నవ్వాను.

పెళ్లికాని కుర్రాడు కారణం చెప్పకుండా దావత్ అని అలా నవ్వితే మా కంపెనీల బెల్టులో అర్థం ఒక్కటే: సంబంధం కుదిరింది. ఈ సంగతి నాకు తప్ప అందరికీ తెలుసు.

ఆదివారం పొద్దున్నే వంటకు దిగాను. ఆకుకోట విందుల్లో మాంసం ఉండదు. ఎలా ఉంటుంది? అక్కడి అతిథులు మన దగ్గర కూరలోకి వచ్చే బాపతు! అందుకని పుట్టగొడుగుల కూర, జొన్న రొట్టెలు, పల్లీల ముద్దలు, గులాబీ షర్బత్. కింద పరిచి వడ్డించుకోవడానికి దస్తర్‌ఖాన్ గుడ్డ ఇద్దామని వచ్చిన ఖాలా గిన్నె మూత ఎత్తి చూసింది.

"గోష్ ఏది బేటా?"

"గోష్ లేదు ఖాలా."

"దావత్ అంటవ్, గోష్ లేదంటవ్. రెండిట్ల ఒకటి ఝూట్!"

మధ్యాహ్నానికి లైన్ లైనంతా దిగింది. యాదగిరి అన్న నా మెడలో బంతిపూల దండ వేసి, అందరి తరఫున గోడ గడియారం చేతిలో పెట్టాడు. నోరు తెరవాల్సింది అప్పుడే. కానీ ఆ గది అద్దెకు తీసుకున్నాక అంతమంది చెప్పులు గుమ్మం ముందు చూడటం అదే మొదలు. నాకు అంత బాగుంది. రెండో దండకు మెడ ఇంకాస్త వంచాను.

"పిల్లది ఏ ఊరురా?"

"ఏ పిల్లన్నా?"

"నీ పెండ్లి పిల్ల!"

ఆలు లేదు, చూలు లేదు, గోడకు గడియారం! ఇక దాచలేక చెప్పేశాను. "పెండ్లి గాదన్నా. ముంగిస కెప్టెన్..."

"గా బస్సుల ముంగిసనా? ఇంక నడుస్తనే ఉన్నదా అది?" యాదగిరి అన్న గిన్నె మూత ఎత్తాడు. పుట్టగొడుగులు చూసి ఆయన ముఖం మాడింది. "అంటే ముంగిస దినాలకు పిలిచినవా మమ్ముల? అరే, దినాలకన్న మటన్ పెడ్తరు గదరా!"

ఎవరో కిసుక్కుమన్నారు. యాదగిరి అన్న మాత్రం నవ్వలేదు. "సరే, దినాలంటే దినాలే. ముందు పిట్టకు పెట్టు" అన్నాడు.

మా వైపు దినాల నాడు పోయినవాళ్లకు ఇష్టమైనది వండి పైన పెడతారు. పిట్ట ముట్టేదాకా ఎవరూ తినకూడదు. కెప్టెన్‌కు పుట్టగొడుగులంటే ప్రాణం. విస్తరిలో వేసి డాబా గోడ మీద పెట్టాను. నీళ్ల ట్యాంకు మీద కాకి తల వంచి చూసి, నా వంట మీద నమ్మకం కుదరక అటు తిరిగింది.

ఇదే అదను అనుకొని, "కెప్టెన్ అంటే మామూలోడు గాదన్నా, మంచుల ఒక్కడే నిలబడి..." అని మొదలుపెట్టాను.

"ఆకలైతుందిరా! రోడ్డు మీద బిర్యానీ దొరుకుతది, నడువుండ్రి" అన్నాడాయన. మెట్ల దగ్గర ఆగి, "గడియారం తే. నిజం పెండ్లికి ఇస్తం. దండలు ఆ బుక్కుకు ఎయ్యి" అన్నాడు.

అందరూ వెళ్లిపోయాక డాబా మీద దండలతో కూర్చుంటే ఏడుపొచ్చింది. ఈసారి ముంగిస కోసం కాదు.

దస్తర్‌ఖాన్ కోసం పైకొచ్చిన ఖాలా నన్ను చూసి ఆగింది. "ఎవల కోసం చూస్తున్నవ్ బేటా?"

"కాకి కోసం ఖాలా."

సంగతంతా చెప్పాను. ఆమె కిందికి పోయి, తన ఇంట్లో వండిన గోష్ గిన్నెతో తెచ్చి, ఒక ముక్క విస్తరిలో వేసింది. చెయ్యి వెనక్కి తీసుకునేలోపే కాకి వాలింది.

"సూసినవా? దావతంటే ఏందో నీ ముంగిసకు గూడ ఎరుకే. నీకే ఎరుక లేదు" అని మిగిలింది నాకు పెట్టి, ఎదురుగా కూర్చుంది. "ఇగ చెప్పు. ఎట్ల సచ్చిండు పాపం?"

మంచులో ఒంటరి కాపలా నుంచి చివరి శ్వాస దాకా చెప్పాను. ఖాలా కొంగుతో కళ్లొత్తుకుంది. నా జన్మ ధన్యమైంది అనుకున్నాను.

"గదే బేటా, పెండ్లి చేసుకుంటే గట్ల ఒక్కడే సచ్చేటోడు కాదు" అంది నిట్టూర్చి. "నీకు పిల్లను సూడమంటవా?"

కాబట్టి ఆ కాకి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట ఏ పుస్తకంలో ఏ జంతువు పోయినా దావత్ అన్న మాట ఎత్తను. మనిషి కావాలనిపిస్తే మనిషి కావాలనే చెప్పి, మెట్లు దిగి ఖాలా తలుపు కొడతాను. అది కూడా కింద నుంచి కూర వాసన వచ్చాకే.