దేవునికి రాసిన చీటీని బ్లాగులో పెట్టాను

నా ప్రియ సహోదరులారా, సహోదరీలారా, తాగుడు నుంచి, జబ్బుల నుంచి దేవుడు విడిపించిన వాళ్ళ సాక్ష్యాలు మీరు ఎన్నో విన్నారు, నన్ను పట్టిన జబ్బుకు మాత్రం ఏ దవాఖానలోనూ పేరు లేదు, ఎందుకంటే అది చూసేవాళ్ళకు జబ్బులా కనపడదు, ఫోను చేతిలో పట్టుకుని తనలో తాను నవ్వుకుంటున్న మనిషిలా కనపడుతుంది, అంతే. నేను ప్రభుదాసుని, మిర్యాలగూడలో ఒక రైసు మిల్లు కాంటా గదిలో కూర్చుని ధాన్యం లారీలకు తూకం వేసేవాణ్ణి. ఆ గదిలోనే నేను చెడ్డాను, ఆ గదిలోనే ప్రభువు నన్ను పట్టుకున్నాడు, దేవునికే మహిమ!

నాకొక బ్లాగు ఉంది. మొదలుపెట్టినప్పుడు అందులో పాపమేమీ లేదు, ఆ మాట ధైర్యంగా చెబుతాను. లారీకీ లారీకీ మధ్య ఖాళీ దొరికితే ఇంటర్నెట్లో వింతలు వెతికేవాణ్ణి, చెట్టెక్కి ఆకులు మేసే మేకలు, ఖాళీ సీసాలతో ఇల్లు కట్టుకున్న ఒక ముసలాయన, మనిషి ముక్కులాంటి ముక్కున్న వంకాయ, ఇట్లాంటివన్నీ తెచ్చి బ్లాగులో పెట్టి రెండు మాటలు రాసేవాణ్ణి, వాటి పక్కన మన ఊరి ఫొటోలు కూడా పెట్టేవాణ్ణి, బస్తాల మీద కాళ్ళు చాపుకుని నిద్రపోయే మా మిల్లు పిల్లి, సాగర్ కాలువ గట్టు మీద గొడుగు పట్టుకుని గొర్రెలు కాసే తాత, త్రిపురారం బస్సులో సీటు మీద కూర్చున్న కోడిపుంజు. మా కరుణ, అంటే నా భార్య, వాటిని చూసి పడీపడీ నవ్వేది. ఎంత మంచి రోజులవి!

అయితే ఎంతమంది చూశారో చెప్పే అంకె ఒకటి ఉంటుంది చూడండి, అది నన్ను మింగేసింది. అన్నం ముందు పెట్టుకుని ఆ అంకె చూసేవాణ్ణి, ప్రార్థనలో కళ్ళు మూసుకుని ఒక్క కన్ను తెరిచి ఆ అంకె చూసేవాణ్ణి, వాడపల్లి దగ్గర మూసీ కృష్ణలో కలిసే చోట నా కూతురు బాప్తిస్మం తీసుకుని నీళ్ళలోనుంచి లేచి నాన్న ఎక్కడున్నాడా అని ఒడ్డంతా వెతుక్కుంటే, నేను అంతకుముందే పెట్టిన ఫొటోను ఎంతమంది చూశారో అని ఫోనులో తల దూర్చి ఉన్నాను. ఆ పిల్ల తల తుడుచుకుని వాళ్ళమ్మ దగ్గరికి పోయింది. మూడుసార్లు మానేస్తానని మొక్కుకున్నాను, మూడుసార్లూ మొక్కు తప్పాను.

ఇక అసలు పాపం చెబుతాను. మన సంఘంలో ప్రార్థన మనవుల పెట్టె ఉంది కదా, ఆదివారం ఎవరి బాధ వాళ్ళు చీటీ మీద రాసి అందులో వేస్తారు, పేరు రాయనక్కర్లేదు, శుక్రవారం ఉపవాస ప్రార్థనలో పాస్టరు అయ్యగారు వాటిని దేవుని సన్నిధిలో చదువుతారు. ఆ చీటీలు విప్పి వరుసగా పెట్టే పని నాది. నమ్మి ఇచ్చిన పని అది, సహోదరులారా! ఒక ఆదివారం ఒక చీటీ విప్పితే ఇట్లా ఉంది: "యేసయ్యా, మా కోడలు టీచరమ్మ. బడిపిల్లలతోని మాట్లాడుతది, పాలాయనతోని మాట్లాడుతది, పిల్లితోని సుత మాట్లాడుతది. నాతోనే మాట్లాడదు. ఆమెకు నాతోని మాట పుట్టియ్యి. లేకుంటే నాకు చెవుడన్న రానియ్యి, ఇనలేకపోతున్న."

నాకు నవ్వొచ్చింది. ఇది ఎవరి ఇంటి ఏడుపో అని ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే తెలిసిపోయేది, ఆలోచించలేదు. ఫొటో తీసి, ఇంటర్నెట్ అంతా వెతికినా ఇట్లాంటి ప్రార్థన దొరకదని పైన రాసి, బ్లాగులో పెట్టేశాను. ఎప్పుడూ లేనంతమంది చూశారు, ఎవరో దాన్ని వాట్సాప్‌లో వేశారు, పొద్దున మిర్యాలగూడలో పెట్టిన చీటీ మధ్యాహ్నానికి సూర్యాపేట చుట్టి సాయంత్రానికి మళ్ళీ మిర్యాలగూడ చేరింది, నేను మా మిల్లులో అందరికీ చాయ్ ఇప్పించాను.

మర్నాడు కరుణ కాంటా గదికే వచ్చింది. ఎన్నడూ రాని మనిషి. "నువ్వు నవ్వింది ఎవరి మీదనో తెలుసా? దీనమ్మ పెద్దమ్మ మీద" అన్నది. దీనమ్మ పెద్దమ్మ అంటే, మా అమ్మ నాట్లకు పోతే నన్ను చంకనేసుకుని పెంచిన మనిషి, నాకు జ్వరమొస్తే తన కొంగు తడిపి నుదుటి మీద వేసిన మనిషి. ఆమె కొడుకు లారీ మీద ఊళ్ళు తిరుగుతాడు, ఇంట్లో అత్తా కోడలూ ఇద్దరే. ఏదో పెళ్ళిలో పదిమందిలో పెద్దమ్మ కోడలి వంట మీద ఒక మాట తూలింది, ఆ రోజునుంచి కోడలు సునీత అత్తతో మాట మానేసింది. ఆ ఇంటి సంగతి ముందే తెలిసిన తోటి టీచర్లు బడిలో ఆ చీటీ చూసి, ఇది మీ అత్త రాయించిందే కదా అని సునీతను అడిగారట, ఆ పిల్ల తలెత్తుకోలేక బట్టలు సర్దుకుని కోదాడలో పుట్టింటికి పోయింది, పెద్దమ్మ గడప మీద కూర్చుని లేవడం లేదు.

ఆ చీటీని వెంటనే బ్లాగులోనుంచి తీసేశాను, కానీ ఊరంతా తిరిగినదాన్ని ఎవరు తీస్తారు? బయట లారీవాళ్ళు హారను మోగిస్తూనే ఉన్నారు, నేను తలుపు వేసుకుని కాంటా గదిలో మోకాళ్ళూనాను. "తండ్రీ, అది ఆమె నీకు చెప్పుకున్న మాట. నడుమల నేను దొంగిలించిన. ఆ ఇల్లు నా వల్ల ఇరిగింది. పోయి అడిగేటందుకు నాకు మొఖం లేదు, నువ్వే ఇయ్యి" అన్నాను. సహోదరులారా, నా జీవితంలో కళ్ళు రెండూ మూసుకుని చేసిన మొదటి ప్రార్థన అదే!

ఆ సాయంత్రమే పోయి పెద్దమ్మ కాళ్ళ దగ్గర కూర్చున్నాను. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది. "నాకు సదువు రాదు బిడ్డా. పక్కింటామెతోని రాయించిన. దేవునికి పోయిందనుకున్న, నీకాడ ఆగిందని తెల్వది" అన్నది. మళ్ళీ తనే, "నా సంగతి ఇడిసిపెట్టు, పిల్లను తోలుకరా" అన్నది.

కోదాడకు నేనూ కరుణా పోయాము. సునీత మంచినీళ్ళిచ్చి నిలబడే మాట్లాడింది. "నవ్వుకోవడానికి మీకు మా అత్తయ్య ఏడుపే దొరికిందా అన్నయ్యా?" అని అడిగింది. తప్పయిందమ్మా అన్నాను. అప్పుడా పిల్ల కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, ఆమె ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుంది, నేను మాట్లాడకపోతే ఆమెకు ఇంత బాధని నాకేం తెలుసు అన్నది. అయినా మాతో రాలేదు.

ఆదివారం సంఘం ముందు నిలబడి అంతా ఒప్పుకున్నాను, చీటీల పని కూడా వదిలేశాను. బ్లాగు మూసేయమంటారా అని అయ్యగారిని అడిగితే, "కండ్లిచ్చింది దేవుడే, మూసుకొమ్మని నేనెందుకంట? జర అడిగి తియ్యి" అన్నారు. మనుషుల్ని అడగడం మొదలుపెట్టాక ఆ అంకె మీద నా ఆకలి చచ్చిపోయింది, ఎట్లా చచ్చిపోయిందో నాకు తెలియదు, ఒక రోజు అన్నం తిని చెయ్యి కడుక్కుంటుంటే దాన్ని చూడలేదని గుర్తొచ్చింది. స్తోత్రం ప్రభువా! అప్పటికీ కోదాడ నుంచి ఎవరూ రాలేదు, పెద్దమ్మ ఇంట్లో ఒక్కతే ఉండేది, నేను రోజూ పోయి పలకరించేవాణ్ణి.

అట్లా ఒక మధ్యాహ్నం నేను అక్కడే ఉండగా ఇంటి ముందు ఆటో ఆగింది. సునీత సంచి పట్టుకుని దిగింది, గడప దగ్గర నిలబడి, "అత్తయ్యా, అన్నం తిన్నారా?" అని అడిగింది. అంతే, సహోదరులారా, ఆ ఒక్క మాట! పెద్దమ్మ లేవబోయి లేవలేక కోడలి చెయ్యి పట్టుకుని, ఏడుస్తూ నవ్వుతూ నా వైపు తిరిగి, "ఇగ ఇప్పుడు తియ్యి బిడ్డా ఫొటో, ఇది సూడనియ్యి అందరిని" అన్నది. నేను సునీతను అడిగాను. వద్దు అన్నయ్యా, బస్సులో వచ్చి జుట్టంతా రేగిపోయింది అన్నది. అడిగాను గనుక, వద్దన్నది గనుక, తీయలేదు.

నా తప్పువల్లే వాళ్ళు కలిశారని మాత్రం నేను చెప్పుకోను, అట్లా చెప్పుకునే అర్హత నా నోటికి లేదు. విరగ్గొట్టింది నేను, కట్టింది ఆయన. ఇది చదువుతున్న తల్లీ, తండ్రీ, మీ గుండెలో ఎవరికీ చెప్పుకోలేని మాట ఒకటి ఉంటే, మనుషులు నవ్వుతారని భయముంటే, ఇవాళే ఆయనకు చెప్పుకోండి. ఆయన వింటాడు, జవాబిస్తాడు, మీ మాటను ఎవ్వరికీ ఫార్వర్డ్ చేయడు.