నాలుగు చీపురుపుల్లలు చెప్పిన విస్తీర్ణం

మొన్నామధ్య ఒక సాయంత్రం ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి నాలుగు చీపురుపుల్లల్ని కొసల దగ్గర దారంతో కట్టి చతురస్రం చేసి, దాన్ని ఒక పక్కకు వాల్చి, లోపలి చోటు మారిందా లేదా అని అడిగింది. వాళ్ల లెక్కల టీచరుగారు సూత్రం చెప్పకుండా ఈ ప్రశ్న మాత్రమే ఇచ్చి పంపారట. పుల్లల పొడవు మారలేదు కనుక చోటూ మారదని ధీమాగా చెప్పాను. అది పుల్లల్ని ఇంకా ఇంకా వాల్చి, ఒకదానికొకటి ఆనేలా నొక్కేసి, "ఇప్పుడెంతుంది నాన్నా?" అంది. లోపల గింజ పట్టే చోటు లేదు. నాకు చప్పున మా పొలం గట్లు గుర్తొచ్చాయి.

మన తరంవాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఊళ్లలో పొలం కొలిచే పద్ధతి. ఎదురెదురు గట్ల పొడవులు రెండూ కలిపి సగం చేయడం, మిగతా రెండూ అలాగే చేయడం, ఆ రెండు సగాలనూ గుణించడం. నర్సీపట్నంలో బడి మానేసి పొలాలు కొలిచే పెదనాన్న వెంట కొలత గొలుసు పట్టుకు తిరిగిన రోజుల్లో నేను నేర్చిన విద్య అదే. ఒకసారి ఎందుకలా అని అడిగితే, "ఎందుకేటి? సెప్పింది సెయ్యి" అన్నాడు. మళ్లీ అడగలేదు. నోటిలెక్కలో నన్ను మించినవాడు లేడని అందరూ మెచ్చుకుంటే పొంగిపోయాను.

నాన్న పోయాక రోలుగుంట దారిలోని మా చెరుకు పొలాన్ని పంచినవాణ్ణీ నేనే. నాకు నలుచదరపు ముక్క, తమ్ముడికి మేం గెడ్డ అనే వాగు వెంబడి ఏటవాలుగా సాగిన ముక్క, ఆ గట్ల లెక్కప్రకారం చెరో ఎకరా.

అమ్మాయి పుల్లలు వాల్చి చూపిన మర్నాడే టేపు పట్టుకెళ్లి, ఈసారి మూల నుంచి మూలకు కూడా కొలిచి, రెండు త్రికోణాలుగా లెక్క కట్టాను. మూడుసార్లు కట్టినా నాది నిండా నూరు సెంట్లు, తమ్ముడిది తొంభై రెండే. చెప్పలేక చెప్పాను. వాడు గెడ్డకేసి చూసి, "అయితే అన్నియ్యా, దిగుబడి తక్కువొస్తందని నన్ను బద్ధకస్తుడని తిట్టీవోడివి కదేటి!" అని నవ్వాడు. ఆ నవ్వు చూడలేక తల దించుకున్నాను.

గట్టు జరిపి నాలుగు సెంట్లు వాడికి కలిపాం. మా రోజుల్లో ఎందుకని అడగడం ఎదురు చెప్పడమే. పెదనాన్నంటే భయంతో నేను అడగలేదు, నా మీది నమ్మకంతో తమ్ముడూ అడగలేదు. ఇప్పుడు మా అమ్మాయి రోజూ ఏదో ఒకటి అడుగుతోంది. ఇన్నాళ్లూ తడుముకోకుండా లెక్కలు చెప్పినవాణ్ణి, దానికి జవాబు చెప్పాలంటే జంకుతున్నాను.