చంద్రికి కడుపని మాత్రలు మాన్పించాను

ఆ రోజు పల్లికాయ బస్తాల మీద చంద్రి కనబడలేదు. కోస్గిలో మాది పల్లికాయ వ్యాపారం. బస్తాలను ఎలుకల నుంచి కాచేది మా పిల్లి చంద్రే. వెతికితే ఓ మూలన కూర్చుని, మెడ రక్తం వచ్చేలా గోక్కుంటోంది. పసుపు, వేపనూనె రాశాను. పుండు ఇంకా పెరిగింది.

గంపలో పెట్టుకుని బస్సులో మహబూబ్‌నగర్ పశువుల దవాఖానకు పోయాను. ఎడ్లు, బర్రెల నడుమ పిల్లిని చూసి అందరూ నవ్వారు. నవ్వితే నవ్వనీ, నాకేం! డాక్టర్ మాత్రం నవ్వలేదు.

"అలర్జీ అమ్మా. ప్రెడ్నిసోలోన్ ఇస్తున్న, స్టెరాయిడ్ ఇది. పదిహేను రోజులకు మల్ల తీసుకరా, చూసి తగ్గిద్దాం."

వారంలో పుండు మానింది. అంత మంచి మందును ఎవరు వదులుకుంటారు? పైగా కాయ పీకే రోజులు, తీరిక లేదు. డాక్టర్‌కు చూపించకుండానే, మా ఆయనతో అవే మాత్రలు తెప్పించి రెండు నెలలు వేశాను.

చంద్రి కుండెడు నీళ్లు తాగసాగింది. ఎంత పెట్టినా ఇంకా కావాలని అరిచేది. పొట్ట కిందికి వేలాడింది.

"చంద్రి కడుపుతోని ఉన్నదే పిల్లా!" అంది అత్తమ్మ.

నాకు పెళ్లయి తొమ్మిదేళ్లు, పిల్లల్లేరు. ఆ మాటకు నిజంగానే పొంగిపోయాను. గంపలో నా పాత చీర పరిచాను.

"కడుపుతోని ఉన్నదానికి ఇంగిలీషు మందులేంది? వేడి చేస్తయి. బందు పెట్టు" అంది అత్తమ్మ. ఆ పూటే మానేశాను.

మూడో రోజుకు తిండి ముట్టలేదు, వాంతులు. అయిదో రోజు లేవనే లేదు. ఒళ్లు చల్లబడింది. మళ్లీ బస్సెక్కాం. దారంతా ఏడ్చాను.

డాక్టర్ పొట్ట నొక్కి చూశారు.

"పిల్లలు లేవమ్మా. గా దూప, గా ఆకలి, గీ పొట్ట, అన్ని స్టెరాయిడ్ సైడ్ ఎఫెక్టే." ముడుచుకుపోయిన చెవుల కొసలు, పలచబడ్డ చర్మం కూడా చూపించారు.

"మరి మాన్పిస్తే మంచిదే గద సారూ?"

"ఒక్కపారి మాన్పిస్తే పాణం మీదికొస్తది. ఇన్ని దినాలు మాత్ర ఇస్తాంటే, ఒళ్లు తనంతట తాను గా స్టెరాయిడ్ తయారు చేసుకునుడు మర్సింది. మెల్లమెల్లగ తగ్గియ్యాలె."

ఇంజెక్షన్ ఇచ్చి సెలైన్ పెట్టారు. బతుకుతుందా అంటే, రేపు పాలు తాగితే చూద్దామన్నారు. ఆ వసారాలోనే ఉండిపోయాం. తెల్లారి చంద్రి తల ఎత్తి నా వేలికున్న పాలు నాకింది. డాక్టర్‌కు దండం పెట్టాను.

తర్వాత అర మాత్ర, పావు మాత్ర, దినం విడిచి దినం. నడుమ దురద తిరగబెట్టింది. ఈసారి నా తెలివి వాడలేదు, డాక్టర్‌నే అడిగాను. మూడు నెలలకు మందు పూర్తిగా ఆగింది.

ఇప్పుడు చంద్రి బస్తాల మీదే ఉంటుంది. చెవి కొస మాత్రం వంగే ఉంది. నేను చెప్పేది ఒక్కటే: మాత్ర మొదలుపెట్టిన డాక్టర్‌ను అడగకుండా పొడిగించకండి, ఆపకండి.

ఆ గంప తీసెయ్యడానికి నాకు చేతులు రాలేదు. అత్తమ్మ కూడా తియ్యమనలేదు. మధ్యాహ్నం పూట చంద్రి అందులోనే, నా చీర మీద పడుకుంటుంది.