ముద్దకో ఆమెన్

మా అత్తగారు గుంటూరు నుంచి సికింద్రాబాద్ వచ్చి ఎన్నేళ్లయినా ఇక్కడి కుళాయిల మీద, బస్సుల మీద ఆవిడకు నమ్మకం కుదరలేదు. నమ్మకమంతా ప్రార్థన మీదే. నీళ్లు రాకపోతే ప్రార్థన, గ్యాస్ బండ రాకపోతే ప్రార్థన, ఇడ్లీ పిండి పులవకపోతే ప్రార్థన. పిండి ఎలాగూ మర్నాటికి పులిసేది. రుబ్బినదాన్ని నేనైనా ఘనత మాత్రం నాకు దక్కేది కాదు.

మా అమ్మాయికి తొమ్మిదేళ్లప్పుడు అత్తగారు బాత్రూములో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. అమ్మాయికి మాట లేదు, నడక లేదు, మెడ నిలవదు, మూర్ఛ మందులు వేళకు పడాలి. పుట్టినప్పటి నుంచి దాని స్నానం, తిండి అన్నీ నాయనమ్మే. నేను బడికి, మా ఆయన ఆఫీసుకు పోవాలి. ఇద్దరినీ లేపి కూర్చోబెట్టే మనిషి ఇంట్లో లేరు. గుండె రాయి చేసుకుని పాపను బొల్లారంలో ఇలాంటి పిల్లలుండే హోములో చేర్చాం.

చేర్చింది మొదలు అది అన్నం మానేసింది. మందూ పాలూ బుగ్గలోకి పోస్తే మింగేది. ముద్ద పెదాలకు ఆనిస్తే మాత్రం నోరు బిగించేది.

నేను ఊరుకునే మనిషినా? బడి వదలగానే బొల్లారం బస్సెక్కేదాన్ని. ప్లాస్టిక్ చెంచా వద్దని స్టీలు చెంచా కొనిచ్చాను. కుర్చీ వాలిపోతోందని దిండు పెట్టించాను. అన్నం పలుకుగా ఉందని వంటగదిలోకి వెళ్లి, మెత్తగా ఎలా వండాలో వంటమనిషికి పాఠం చెప్పి, చివర్లో ప్రశ్నలు కూడా అడిగాను. గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను చూడగానే లోపలికి కేకేసేవాడు.

"టీచరమ్మ వస్తున్నది, జెర హుషారుండుండ్రి!"

పాపను చూసుకునే ఆయా బన్సీలాల్‌పేట్ నుంచి వచ్చేది. ఆమె మీద కోప్పడదామన్నా మనసొప్పేది కాదు.

"ఏం జేయాలమ్మా, నేను సుత పరేషాన్ అయితున్న. పాట పాడిన, కత జెప్పిన. బిడ్డ నోరే తెరుస్తలేదు," అనేది.

ఇంట్లో మంచం మీద నుంచి అత్తగారు రోజూ ఒకటే మాట: "ప్రార్థన చేసి పెట్టమని చెప్పమ్మాయ్, అదే తింటుంది."

గ్యాస్ బండ సరసన ఇదీ ఒకటి అనుకున్నాను. "అలాగే అత్తయ్యా" అని పొయ్యి దగ్గరికి పోయేదాన్ని. అయినా ఆ హోములో ప్రార్థనకేం కరువు? పూటపూటా గంట కొట్టి భోజనాల హాల్లో అందరికీ కలిపి చేస్తారు. ఆ తర్వాతే మంచం దిగలేని పిల్లలకు గిన్నెలు గదుల్లోకి వెళతాయి.

పాప బరువు తగ్గిపోయింది. సూపరింటెండెంటుగారు మమ్మల్ని మీటింగుకు పిలిపించారు. పాప కూడా చక్రాల కుర్చీలో నా పక్కనే ఉంది.

"మీ బాధ నాకు తెలుసు టీచర్‌గారూ. కానీ డాక్టరుగారు ముక్కులోంచి ట్యూబ్ వేద్దామంటున్నారు," అన్నారామె.

మింగలేని పిల్లలకు ఆ గొట్టమే ప్రాణాధారమని నాకూ తెలుసు. కానీ నా కూతురు మింగలేని పిల్ల కాదు. పప్పుచారు నాలుకకు తగిలితే కాళ్లు కొట్టుకుంటూ నవ్వే పిల్ల. దానికి ఆటల్లేవు, కబుర్లు లేవు, ఉన్న సంబరమల్లా రుచి ఒక్కటే. అదీ పోతుందంటే నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. వరసలో కోపమే ముందు నిలబడింది. ఎంతసేపు మాట్లాడానో నాకు తెలియదు. మా ఆయన బల్ల కింద నా కాలు తొక్కారు. కాలు పక్కకు తీసుకుని మళ్లీ అందుకున్నాను.

"ఇంకో వారం చూద్దాం. అప్పటికీ తినకపోతే ట్యూబే," అన్నారు సూపరింటెండెంటుగారు.

అక్కడ ఏ మీటింగూ ప్రార్థన లేకుండా ముగియదు, పోట్లాట అయినా సరే. ఆమె కళ్లు మూసుకుని పాపకు ఆకలి పుట్టించమని అడిగి, పాప తల్లికి శాంతం దయచేయమని కూడా అడిగారు. నేను ఒక కన్ను తెరిచి ఆమె వంక చూశాను.

అందరం "ఆమెన్" అన్నాం.

నా పక్కన పాప ఇంత నోరు తెరిచింది.

ఆవులింత అనుకున్నాం. ఎంతకీ మూయదే!

"మా అమ్మ ముద్దముద్దకీ ఆమెన్ అంటుంది కదా," అన్నారు మా ఆయన నెమ్మదిగా.

"ఆ ముక్క ఇన్నాళ్లూ చెప్పరేం?"

"ప్రార్థన లేకుండా ఎవరైనా పిల్లకు ముద్ద పెడతారా అనుకున్నా."

ఆయన ఆ చేతి ముద్దలు తిని పెరిగినవారు. నేనేమో, అత్తగారు బట్టలు మడిచేటప్పుడు కూడా పెదాలు కదుపుతారు కనక, పట్టించుకోలేదు.

ఆయా గిన్నెతో పరుగెత్తుకొచ్చింది. మా ఆయన ప్రార్థన చెప్పిస్తుంటే ఆమెకు సందేహం వచ్చింది.

"మాది ఎల్లమ్మను మొక్కే ఇల్లమ్మా. నేనంటే నడుస్తదా?"

"అని చూడు," అన్నాను.

"పిచ్చుకలకు బువ్వ పెట్టే తండ్రీ, గీ ముద్ద సుత నీదే. ఆమెన్!"

నోరు తెరుచుకుంది. ముద్ద వెళ్లింది. మళ్లీ పిచ్చుకలు, మళ్లీ ఆమెన్, మళ్లీ ముద్ద. గిన్నె అడుగు కనబడేసరికి సూపరింటెండెంటుగారితో సహా గదంతా గొంతు కలిపింది. పాప కాళ్లు కొట్టుకుని నవ్వింది. నేను అందరి ముందూ ఏడ్చాను.

ఇంటికెళ్లి అత్తగారికి చెప్పాను. "మొదటి రోజే చెప్పాను కదమ్మాయ్" అంటారని తల వంచుకుని నిలబడ్డాను. అనలేదు.

"ఆ ఆయమ్మ అన్నంలో నెయ్యి వేసిందా?" అని అడిగారు.

ఇక చిక్కల్లా ఆదివారం పాపను చర్చికి తీసుకెళ్లినప్పుడే. పాస్టరుగారు ఆమెన్ అన్న ప్రతిసారీ పాప నోరు తెరుస్తుంది. ఏమీ రాకపోతే ఆయన వంక ఉరిమి చూసి కేకలు పెడుతుంది. మేమందరం ఆమెన్ అనేసి చెప్పులు వెతుక్కునేవాళ్లమే. అడిగింది ఇప్పుడే వస్తుందని నోరు తెరుచుకుని కూర్చునేది అదొక్కతే. దేవుడితో మీటింగు పెట్టి పోట్లాడలేను కదా! పాలలో నానబెట్టిన బిస్కెట్లు డబ్బాలో పెట్టుకుని, చెంచాతో సహా దాని పక్కనే కూర్చుంటున్నాను.