పోలమ్మ మొగుడికి గీసిన ఇల్లు

సినిమావాళ్ల కుక్కల పేర్లు కూడా చెప్పగలరు మీరు. మన ఎదురింట్లో అన్నేళ్లున్న సవర పోలమ్మ ఎవరని ఒక్కరోజైనా ఈ నానమ్మనడిగారా? నోళ్లు పడిపోయాయా? రాగిణీ, ఆ ముసిముసి నవ్వులు ఆపి, నేను చెప్పింది చెప్పినట్టు రాయి.

పోలమ్మది సీతంపేట కొండల్లో సవర గూడెం. అమెరికాలో ఈ బెంటన్‌విల్‌లో ఉన్న కూతురు త్రివేణి దగ్గరికి, మనవరాలు దియని పెంచడానికొచ్చింది. ఆ ఏడాదే అక్కడ మొగుడు పోయాడు. గ్రీన్‌కార్డు నడుస్తోంది, ఇప్పుడు దేశం దాటితే అంతా మొదటికొస్తుందన్నారు. వెళ్లలేకపోయింది.

అప్పట్నుంచి కాలు నిలవలేదు దానికి. మొగుడు కలలోకొచ్చి, నాకుండడానికి ఇల్లు లేదే అంటున్నాట్ట. వాళ్లలో అలా అడిగితే గోడమీద ఇల్లు గీసి, పోయినవాణ్ణి పిలిచి అందులో ఉంచుతారు. ఇక ఆ గోడ అతనిది. అతన్ని అడక్కుండా ముట్టుకోకూడదు.

రోడ్డుపనివాళ్లు తవ్విపోసిన ఎర్రమట్టి తెచ్చి అద్దింటి గ్యారేజీ గోడకి పూసింది. నానబెట్టిన బియ్యం రుబ్బి, పుల్ల కొస నమిలి కుంచె చేసుకుని గీసింది. చుట్టూ చట్రం, లోపల మొగుడు, కోళ్లు, కల్లు గీసే జీలుగు చెట్టు. అక్కడితో ఆగిందా! రోజూ ఏదో ఒకటి చేర్చేది.

"రాత్రి ట్రక్కు గావాలన్నాడు వదినా."

"నీ మొగుడికి డ్రైవింగొచ్చేటి?"

"చచ్చినోణ్ణి లైసెన్సెవుడడుగుతాడు?"

తెలుగు సంఘంవాళ్లొచ్చి కేన్వాస్ మీద గీసివ్వమన్నారు, పండక్కి పెడతామని. "ఆ గుడ్డలో ఎవుడుంటాడు?" అంది. వాళ్లు ఫొటోలు తీసుకుని, కాఫీ తాగి పోయారు.

ఇంతలో త్రివేణి ఉద్యోగం వర్జీనియాలో షాంటిలీకి మారింది. ఖాళీ చేసేముందు గోడకి తెల్లరంగు వేయాలన్నాడు ఇంటి ఓనరు. పోలమ్మ తిండి మానేసింది. అప్పుడు మీ నాన్న రవికాంత్, పెద్ద ఇంజనీరు కదా, ఉపాయం చెప్పాడు. "ఈ దేశంలో గోడలు ఉత్త అట్టలే ఆంటీ, కోసిచ్చేస్తాను" అన్నాడు. ఆవిడ దియని తీసుకుని పార్కుకెళ్లినప్పుడు రంపంతో బొమ్మ మేరకి కోసేసి, అక్కడ కొత్త అట్ట బిగించాడు. ఎంత సంబరపడిపోయాడో సన్నాసి.

తిరిగొచ్చి చూసింది పోలమ్మ. "మడిసినడక్కుండా ఇల్లు లేపేస్తార్రా?" అంది.

ఆ అట్టని దుప్పట్లలో చుట్టి షాంటిలీ తీసుకెళ్లారు. హాల్లో సోఫా వెనక నిలబెట్టారు. మొగుడు మాత్రం మళ్లీ కలలోకి రాలేదు. తోవ తెలీక ఎక్కడ తిరుగుతున్నాడో అని ఆ పిచ్చిది పార్కింగు లాటంతా తిరిగేది. మంచులో చెప్పుల్లేకుండా వెళ్తే పోలీసులు ఇంటికి తెచ్చి దిగబెట్టారు. రోజూ నాకు ఫోను.

"ఓపాలి ఆ గ్యారేజీ కాడికెళ్లి పిలు వదినా."

"నేనెవర్తినే పిలవడానికి? నీ కూతుర్ని తీసుకుని నువ్వే రా."

"దానికి సెలవుల్లేవు. నాకా, సత్తువ లేదు."

సరే, వెళ్లాను. పోయినవాళ్లని పిలవాలంటే కల్లు పొయ్యాలట, అది ఇక్కడెక్కడ దొరుకుతుంది? రవికాంత్ బీరు డబ్బా ఒకటి పట్టుకెళ్లి గ్యారేజీ తలుపు ముందు పోశాను. "అన్నా, నీ పెళ్లాం షాంటిలీలో ఉంది. కోసింది మావోడే, తప్పైపోనాది. కోపమెట్టుకోక నడు" అన్నాను. కొత్తగా దిగిన తెల్లాయన బయటికొచ్చి నన్నూ, నా చేతిలో డబ్బానీ చూసి హలో అన్నాడు. నేనూ హలో అనేసి వచ్చేశాను.

"చెప్పావా? ఏటన్నాడు?" అంది ఫోన్లో.

"నీ మొగుడు నాతో ఎందుకు మాటాడతాడే?"

నవ్వింది. ఎన్నాళ్లకో విన్నాను ఆ నవ్వు.

ఆ వారంలోనే త్రివేణి ఫోను. "అత్తా, అమ్మ పొద్దున్నే లేచి బియ్యం నానబెట్టమంది. కోట్లు తగిలించే అరలో బట్టలన్నీ బయట పడేసి గోడకి మట్టి పూస్తంది. నాన్న వచ్చాడట, ఆ అట్ట ముక్కలో ఉండనన్నాడట" అంది. ఇంటి ఓనర్లు తిడతారేమోనని దాని భయం. ముయ్యి, గియ్యనీ అన్నాను.

చట్రం గీసింది. మొగుణ్ణి గీసింది. కోళ్లలో ఒకదానికి ఇంకా కాళ్లు పెట్టలేదు. ఆ మధ్యాహ్నం ఆ గోడకే ఆనుకుని ప్రాణం విడిచింది.

పోలమ్మకి అప్పుడు అరవై ఏడేళ్లు.